అసలుకు జమ

శనివారం పొద్దున్నే బ్యాంకుకు అదనపు సొమ్ము పంపేసి, కంపెనీ కారులో ఫ్యాక్టరీకి వెళ్లి, కార్మికులకు చెవి పరీక్షలు చేసి, సాయంత్రం గదికొచ్చి బట్టలు ఉతుక్కోవాలి. చెవి పరీక్షల అమ్మాయి అనుకున్నది ఇంతే. చదువు కోసం తీసుకున్న అప్పు గడువుకన్నా ముందే తీరిపోతే ఈ ఉద్యోగం వదిలేసి, తక్కువ జీతానికైనా ఇంటి దగ్గర చేరిపోవచ్చని ఆమె ఆశ. అందుకే ఏడాదిగా వాయిదాతో పాటు ప్రతి నెలా ఇంకొంత కడుతోంది. ఆ ఇంకొంత ఇంటికి వెళ్లిరావడానికి ఉంచుకున్న దారిఖర్చుల్లోది. తొందరగా ఇల్లు చేరాలని ఇంటికి వెళ్లడమే మానేసింది.

బెంగ పట్టలేని రోజున అమ్మకు ఫోన్ చేసేది. "ఏం మాట్లాడకు. ఫోన్ వంటింట్లో పెట్టి నీ పని చేసుకో," అనేది. గిన్నెల చప్పుడు, నాన్న దగ్గు, నానమ్మ ఎవరినో కసురుకోవడం వింటూ అలాగే నిద్రపోయేది.

ఆ శనివారం ఆమె ఫోన్‌ను ఫ్యాక్టరీ గేటు దగ్గర అప్పగించి లోపలికి వెళ్లిన కాసేపటికి, మావయ్యకు బ్యాంకు నోటీసు అందింది. అప్పుకు హామీ సంతకం ఆయనదే. కొన్ని నెలలుగా వాయిదాలు జమ కావడం లేదు కాబట్టి మీరే కట్టాలని అందులో ఉంది. ఆయన మేనకోడలికి ఫోన్ చేస్తే పలకలేదు. తన అక్కకు, అంటే అమ్మాయి వాళ్లమ్మకు చేశాడు. పిల్ల ఉద్యోగం పోయి ఉంటుందని, చెప్పుకోలేక దాస్తోందని అక్క తేల్చేసింది. దేనికైనా మంచిదని గది అద్దెకిచ్చిన ఇంటావిడకు ఫోన్ చేసి అడిగారు.

"పొద్దున్నే పెద్ద పెట్టె పట్టుకుని వెళ్లిపోయిందండీ. ఎవరో అబ్బాయి కారులో వచ్చి ఎక్కించుకెళ్లాడు," అందావిడ.

పెట్టెలో ఉన్నది పరీక్ష యంత్రమని, అబ్బాయి కంపెనీ డ్రైవరని ఆవిడకు తెలియదు. నాన్న చొక్కా తొడుక్కున్నాడు. మావయ్య వ్యాను మాట్లాడాడు. నానమ్మకు అసలే చెవులు మందం. అప్పు ఎగ్గొట్టిందని వీళ్లు అనుకుంటుంటే, ఆవిడకు చెయ్యి విరగ్గొట్టుకుందని వినిపించింది. నొప్పుల నూనె, పాత చీర చింపిన పీలికలు సంచిలో వేసుకుని అందరికన్నా ముందు వ్యానెక్కి కూర్చుంది.

సాయంత్రం అమ్మాయి తలుపు తీసేసరికి, మంచానికి తప్ప చోటు లేని ఆ గదిలో, ఇంటావిడ తాళం తీసి కూర్చోబెట్టిన నలుగురున్నారు. ఆ అబ్బాయెవరని అమ్మ అడిగింది. ముందు బ్యాంకు సంగతి చెప్పమన్నాడు మావయ్య. నానమ్మ ఏమీ అడగలేదు. మనవరాలి చెయ్యి లాక్కుని నూనె రాసి కట్టు కట్టడం మొదలుపెట్టింది. అమ్మాయి చెయ్యి అలాగే ఇచ్చేసి, డ్రైవరు సంగతి, యంత్రం సంగతి చెప్పి, తను కట్టిన సొమ్ముకు వచ్చిన మెసేజీలన్నీ చూపించింది. మావయ్య ఒక్కొక్కటే చదివి తల గోక్కున్నాడు.

నాన్న గదిని కలియజూశాడు. ఒక కంచం, ఒక గ్లాసు కనిపించాయి.

"ఇంటికెందుకు రావట్లేదమ్మా?"

"తొందరగా వచ్చేద్దామనే నాన్నా," అంటూ ఆమె భోరుమంది.

"నొప్పి పుట్టదూ మరి," అంది నానమ్మ, ఇంకో చుట్టు చుడుతూ.

బ్యాంకు మళ్లీ తెరిచేదాకా అందరూ ఆ గదిలోనే సర్దుకున్నారు. మావయ్య గురకకు ఇంటావిడ గోడ తట్టింది. ఇన్నాళ్లలో అమ్మాయి అంత హాయిగా నిద్రపోయింది ఆ రెండు రాత్రులే.

సోమవారం బ్యాంకు గుమస్తా ఓపిగ్గా వివరించాడు. అదనపు సొమ్ము అసలుకని రాసివ్వకపోవడంతో అది రాబోయే వాయిదాల కింద జమైంది. ముందే కట్టేశారు కదా అని బ్యాంకువాళ్లు ఆమె ఖాతాలోంచి నెలనెలా వాయిదా కోసుకోవడం ఆపేశారు. ఆగిన సంగతి మాత్రమే తెలిసిన ఇంకో విభాగం నోటీసు పంపింది. ఆ అదనపు సొమ్ముతో అసలులో నయాపైసా తగ్గలేదు. ఇప్పుడొక్క ముక్క రాసిస్తే అంతా సరిచేస్తామంటూ కాగితం ఇచ్చాడు.

ఆమె పెన్ను తీసి, కాస్త ఆలోచించింది.

"రాయకపోతే మా మావయ్యకు మళ్లీ నోటీసు వెళ్తుందాండీ?"

"తప్పకుండా వెళ్తుంది మేడమ్. అందుకే రాయమంటున్నా."

అయితే వచ్చే నెల రాస్తానని ఆమె పెన్ను మూత పెట్టేసింది.