పద్నాలుగో నంబరు పలక

సోమవారం పొద్దున ఆర్టిస్టు గారి కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదిలోపు మూడు పలకలకు రెండో పూత వార్నిష్ వేయాలి. పదకొండింటికి వీధి చివరి కొరియర్ ఆఫీసులో నాలుగు పార్సిళ్ళు ఇచ్చి రావాలి. భోంచేసి ఓ గంటసేపు నడుం వాల్చాలి. ఈ మూడింటిలో ఆయన మనసంతా మూడోదాని మీదే ఉంది.

ఒకప్పుడు ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు ఆయన చేతి రాతే. ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చి కుంచెను మూలన పడేశాక, ఇళ్ళ గేట్లకు తగిలించే చెక్క నంబరు పలకలు చేయడం మొదలుపెట్టారు. కూతురు వాటిని ఇంటర్నెట్‌లో ఒక అమ్మకాల సైటులో పెట్టింది. రెండేళ్ళ క్రితం భార్య పోయాక, పొద్దున్నే మంచం దిగడానికి ఆయనకు మిగిలిన ఒకే ఒక్క కారణం ఆ దుకాణం. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కూతురికి చెప్పకుండానే తెలుసు.

"నాన్నా, ఆ బ్రష్ పక్కన పెట్టి ఇలా రా," అంది కూతురు, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా.

"వార్నిష్ మధ్యలో ఉంది. మధ్యలో ఆపితే గీత పడుతుంది."

"ఇక్కడ దుకాణమే మూతపడేలా ఉంది. గీతదేముంది!"

ఆయన వెళ్ళి కళ్ళజోడు సర్దుకుని చదివారు. పద్నాలుగో నంబరు పలక అందలేదని కొన్నావిడ సైటుకు రాసిందట. శుక్రవారం సాయంత్రం ఆరులోగా అందకపోతే ఫిర్యాదుగా నమోదు చేస్తారట. రెండో ఫిర్యాదు పడితే దుకాణం నలభై రోజులు మూత. నలభై రోజులంటే సెలవుల సీజన్ మొత్తం. జనం ఇళ్ళకు రంగులు వేయించుకుని, చుట్టాలను పిలుచుకునే రోజులు. ఏడాదిలో సగం పలకలు అమ్ముడయ్యే రోజులు.

"రెండోదేంటి? మొదటిది ఎప్పుడు పడింది?"

"మొన్న వేసవిలో. చెక్క పలక చెక్క వాసన వస్తోందని ఒకాయన పెట్టాడు కదా."

"మరి సెంటు వాసన రావాలా?" అని ఆయన ఆ పాత కోపాన్ని ఇంకోసారి వెళ్ళగక్కారు. "సరే, ఇంతకీ ఇది ఎందుకు అందలేదట?"

కొన్నావిడ ఉండేది ఇదే ఊళ్ళో, అవతలి కొసన. బస్సులో నలభై నిమిషాలు. పార్సిల్ మాత్రం ముందు ఇంకో ఊరి గోడౌనుకు పోయి, సెలవుల రద్దీలో ఆరు రోజులు గుట్ట కింద పడుకుని, మళ్ళీ ఇదే ఊరికి వచ్చి, ఆవిడ వీధి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. కారణం దగ్గర ఒకే ఒక్క ముక్క రాసి ఉంది: ఇంటికి నంబరు లేదు.

ఆర్టిస్టు గారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మూడోసారి చదివారు.

"ఆ పెట్టెలో ఉన్నదే నంబరు కదే!"

"అవును నాన్నా."

"నంబరు లేదు కాబట్టే కదా ఆవిడ కొనుక్కుంది! ఉంటే నా దగ్గరెందుకు కొంటుంది? అద్దం ముందు పెట్టుకుని చూసుకోవడానికా?"

"నన్ను తిడతావేంటి? నేనా కొరియర్?"

అంతలో ఆవిడ దగ్గర్నుంచి మరో సందేశం వచ్చింది. పేరు పొడుగ్గా ఉందని కూతురు ఆవిడకు 'కొత్తింటావిడ' అని పేరు పెట్టింది. 'శుక్రవారం నుంచి మావాళ్ళు వస్తున్నారు. మా కాలనీలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మా అన్నయ్య ఈ ఇల్లు చూడటం ఇదే మొదటిసారి. పది రోజులైంది. అమ్మడం వచ్చిన వాళ్ళకి పంపడం రాదా?'

"రాసుకో," అన్నారు ఆర్టిస్టు గారు, చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ. "అమ్మా, నేను పలక చేయగలను, దానికి కాళ్ళు పెట్టలేను. పెట్టగలిగితే ఈపాటికి మీ ఇంటికొచ్చి గేటు కొట్టి ఉండేది. నా మీద అరిచే ముందు..."

కూతురు టకటకా కొట్టింది. 'అసౌకర్యానికి చింతిస్తున్నాం. వెంటనే కనుక్కుంటాం.'

"అంతా రాశావా?"

"ఒక్క అక్షరం వదల్లేదు."

ఆ రోజు నడుం వాల్చడం కుదరలేదు. ఆయన కొరియర్ ఆఫీసుకు వెళ్ళేసరికి లోపల మనిషి కనిపించడం లేదు, అట్టపెట్టెలే కనిపిస్తున్నాయి. రెండు గుట్టల మధ్య సందులోంచి గుమాస్తా తల బయటికి వచ్చింది.

"నంబరు లేని ఇంటికి ఎలా ఇస్తామండీ? రూలు ఒప్పుకోదు."

"ఒరే నాయనా, పార్సిల్ ఇస్తేగానీ నంబరు రాదు. నంబరు వస్తేగానీ పార్సిల్ ఇవ్వరు. మరి ఆవిడ ఏం చేయాలి?"

గుమాస్తా నిజంగానే ఆలోచించాడు. "వేరే చోట కొనుక్కోవాలండీ," అన్నాడు.

"అక్కణ్ణుంచైనా మీరే కదయ్యా తేవాల్సింది!"

"అదీ నిజమే."

"పక్కింటి వాళ్ళని అడగొచ్చు కదా? నోరుందిగా!"

"మనిషికి రోజుకి నూటయాభై పార్సిళ్ళండీ. ఒక్కో గేటు దగ్గర అడుగుతూ కూర్చుంటే మిగతా నూట నలభై తొమ్మిది మంది మీలాగే ఇక్కడికొచ్చి నిలబడతారు."

ఆర్టిస్టు గారి నోట్లో ఇంకో నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. కానీ గుమాస్తా వేళ్ళనిండా టేపు కోసుకున్న గాట్లు కనిపించాయి. పక్కనే పొద్దుటి టిఫిన్ డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. "ముందు తిను," అని వచ్చేశారు. వీధి మలుపు తిరిగేసరికి ఆ నాలుగు మాటలూ మళ్ళీ గుర్తొచ్చి, వాటిని కరెంటు స్తంభానికి చెప్పారు.

పార్సిల్ వెనక్కి బయలుదేరింది కాబట్టి దాన్ని ఆపే దారి లేదు. మళ్ళీ పలక చేయాల్సిందే. మంగళవారం చెక్క కోసి, బుధవారం అంకెలు చెక్కి రంగు వేశారు. వార్నిష్ ఆరడానికి మాత్రం రెండు రోజులు పడుతుంది, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. 'కొత్త పలక శుక్రవారం మా నాన్నగారే స్వయంగా తెస్తారు. అప్పటిదాకా ఒక అట్టముక్క మీద నంబరు రాసి గేటుకు కట్టండి, సులువుగా దొరుకుతుంది,' అని కూతురు కొత్తింటావిడకు రాసింది.

'అట్ట మీద నేనే రాసుకునేట్టయితే మీకెందుకు ఆర్డరిచ్చినట్టు?' అని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆవిడ సందేశాలు చూడటం మానేసింది. ఫోను చేస్తే కట్ చేసింది.

"అట్ట కట్టిందంటావా?" అన్నారు ఆర్టిస్టు గారు.

"కోపం వచ్చిన వాళ్ళు చెప్పిన పని చేస్తారు నాన్నా. చేశామని మాత్రం చెప్పరు. నీ కూతుర్ని, నాకు తెలీదా?"

శుక్రవారం మధ్యాహ్నం ఆయన పలకను పాత దుప్పటిలో చుట్టి, సంచిలో సుత్తీ రెండు మేకులూ వేసుకుని బస్సెక్కారు. సెలవులకు ఊళ్ళు వెళ్ళే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. మూటలో పసిబిడ్డ ఉందనుకుందో ఏమో, ఒకావిడ లేచి సీటిచ్చింది. ఆయన కాదనలేదు. దారి పొడుగునా పలకను జో కొడుతున్నట్టే పట్టుకుని కూర్చున్నారు.

కాలనీ చేరేసరికి నాలుగున్నర. తెల్ల గోడలు, నల్ల గేట్లు. ఎక్కడా ఒక్క నంబరు లేదు. మనుషులు ఇంత నిర్లక్ష్యంగా ఎలా బతుకుతారని ఆయనకు ఒళ్ళు మండిపోయింది. మూడు వీధులు తిరిగాక, నాలుగో వీధిలో ఒక గేటుకు అట్టముక్క కనిపించింది. దాని మీద నల్ల ఇంకుతో పద్నాలుగు. నలభై ఏళ్ళుగా నంబర్లు రాస్తున్న మనిషి నంబరును చూశాక ఇంకెవర్నీ అడగడు. గంట కొడితే ఎవరూ పలకలేదు. టైము ఐదు దాటింది. ఆయన అట్ట తీసి జేబులో పెట్టుకుని, కొత్తగా సున్నం వేసిన గేటు స్తంభానికి మేకు ఆనించి, సుత్తితో గట్టిగా నాలుగు దెబ్బలు వేశారు. రెండో మేకు సగం దిగేసరికి లోపలి నుంచి పెద్ద మీసాలాయన బనీనుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్! ఎవరయ్యా నువ్వు? మా గోడ పగలగొడుతున్నావేంటి?"

"మీ పలకేనండీ. పద్నాలుగు."

"మాది పదిహేడు!"

"మరి ఈ అట్ట?"

"ఏ అట్ట?"

ఆర్టిస్టు గారు జేబులోంచి తీసి చూపించారు. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న ముసలావిడ అక్కణ్ణుంచే అరిచింది. "అది పొద్దున గాలికి రోడ్డు మీద పడుంటే నేనే తీసి తగిలించా బాబూ! పాపం, ఎవరిదో కాళ్ళ కింద నలిగిపోతోందని."

"చూశావా పిన్నీ నీ మంచితనం! నా గోడకి చిల్లు పడింది," అన్నాడు మీసాలాయన.

గొడవకు నాలుగిళ్ళ వాళ్ళు పోగయ్యారు. ఇళ్ళ నంబర్లు మార్చడానికి మున్సిపల్ ఆఫీసు నుంచి ఎవరో వచ్చారని ఒకడు ప్రచారం మొదలుపెట్టాడు. "మా నంబరు మారిస్తే ఊరుకోం," అని వెనక నుంచి ఒకావిడ. "అసలు మీకు నంబర్లు ఎక్కడున్నాయమ్మా మార్చడానికి?" అని ఆర్టిస్టు గారు అంతకంటే గట్టిగా అరిచారు. "ఒక్క గేటుకైనా ఉందా? కొరియర్ వాడు ఎలా రావాలి? చుట్టాలెలా రావాలి? ఇంత ఇల్లు కట్టుకుని నంబరు పెట్టుకోవాలన్న ఇంగితం లేకపోతే ఎలాగండీ?"

జనం గొంతు కాస్త తగ్గింది. అందులో నిజం ఉంది మరి.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. కొత్తింటావిడ.

"ఏమండీ, మీకు అసలు ఇల్లంటూ ఉందా?" అంది ఆవిడ, పలకరింపు కూడా లేకుండా. "మీరు తెస్తారన్న నమ్మకం లేక, పలక నేనే తెచ్చుకుందామని బిల్లు మీదున్న అడ్రసు పట్టుకుని గంట నుంచి మీ వీధిలో తిరుగుతున్నాను. ఇరవై ఆరో నంబరెక్కడని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. బిల్లు మీది పేరు చెబితే అలాంటి వాళ్ళెవరూ ఈ వీధిలో లేరంటున్నారు. అంతా మోసమన్నమాట!"

వాళ్ళ వీధిలో ఆర్టిస్టు గారి పేరు ఎవరికీ తెలియదు. ఆర్టిస్టు అంటేనే తెలుసు. ఇక నంబరు... ఇరవై ఆరో నంబరు పలక మూడు నెలలుగా ఆయన పనిగదిలో, అరమీద, గోడవైపు తిరిగి ఉంది. వానకు పాలిష్ లేచిందని విప్పారు. దాని మూలన భార్య వేసిన చిన్న పిట్ట ముక్కు చెరిగిపోయింది. ఆ ముక్కు దిద్దడానికి చేయి రాక, ముందు జనం ఆర్డర్లు చూద్దాంలే అని పక్కన పెట్టారు.

"అమ్మా," అన్నారు మెల్లగా, "మీరు ఎక్కడున్నారో అక్కడే నిలబడండి. నేను మీ వీధిలోనే ఉన్నాను."

"మీరు మా వీధిలో ఉంటే నేను మీ వీధిలో ఏం చేస్తున్నాను?"

ఆయన ఆ ఫోను పెట్టేశారు. కూతురికి ఫోను చేసి గేటు దగ్గరికి వెళ్ళమన్నారు. కూతురు వెళ్ళేసరికి ఆవిడ ఆ గేటుకే ఆనుకుని నిలబడి ఉందట. ఆ గేటు ముందు నుంచి అప్పటికి ఐదుసార్లు వెళ్ళిందట.

టైము ఐదూ నలభై. "కళ్ళతో చూడందే సైటులో అందిందని నొక్కను," అంది కొత్తింటావిడ ఫోనులో, ఆర్టిస్టు గారింట్లో కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాక కూడా. "మా గేటు పక్కన నీలం కుండీ ఉంటుంది." మీసాలాయన తన గోడలోని మేకులు తానే పీకి, మూడిళ్ళ అవతల నీలం కుండీ వెతికి, చొక్కా కూడా వేసుకోకుండా పలకను నిటారుగా పట్టుకున్నాడు. ఆర్టిస్టు గారు మేకులు కొట్టారు. మేడ మీది పిన్ని దిగివచ్చి, వంకరగా ఉందని రెండుసార్లు సరిచేయించింది. మీసాలాయన ఫోటో తీసి పంపాడు. ఐదూ యాభై ఆరుకి 'అందింది' అని వచ్చింది. అక్కడున్న వాళ్ళందరూ ఎందుకో చప్పట్లు కొట్టారు. పదిహేడో నంబరుతో కలిపి తొమ్మిది పలకలకు ఆర్డర్లిచ్చారు.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఆయన ఫోను చూసుకున్నారు. మొదటి పార్సిల్ గురించి పొద్దున్నే వచ్చిన సమాచారం ఒకటి చదవకుండా ఉండిపోయింది. పంపినవారికి తిరిగి ఇవ్వడానికి రెండుసార్లు ప్రయత్నించాం, కుదరలేదు. కారణం: ఇంటికి నంబరు లేదు.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశారు. వీధి పక్కన దాటిపోతున్న గేట్లలో ఎన్నింటికి నంబర్లున్నాయో ఈసారి లెక్కపెట్టలేదు.

ఇంటికి రాగానే అరమీంచి ఇరవై ఆరును దించి, దుమ్ము తుడిచి, ముక్కులేని పిట్టతో సహా గేటుకు తగిలించారు. కూతురు దీపం పట్టుకుంది, ఏమీ అనలేదు. ఆ కనికరం ఆయనకు అర్థమైంది.

మర్నాడు కొత్తింటావిడ సైటులో రాసింది: 'పలక చాలా బాగుంది. మా అన్నయ్య నేరుగా వచ్చేశాడు. అమ్మిన ఆయన ఇల్లు మాత్రం దొరకదు. నాలుగు నక్షత్రాలు.'

ఆ పోయిన ఐదో నక్షత్రం గురించి ఆర్టిస్టు గారు ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు.