ఇంటిల్లిపాదీ నింపిన ఫారం

ఆ ఉదయం టైలరమ్మ అనుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, ఆస్పత్రివాళ్ల వెబ్‌సైట్లో ఫారం నింపి, తొమ్మిదికల్లా కొట్టు తెరవడం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఆరు వారాలైంది. వయసు, నిద్ర, ఆకలి, భయం వగైరా రాస్తే ఎవరికి తగ్గ సలహాలు వాళ్లకు ఆ సైటే ఇస్తుందట. ఆమెకు కావలసిన సలహా ఒక్కటే. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. బారెడు గుడ్డ కత్తిరించలేని టైలరు టైలరేనా అన్న బెంగ ఆమెను లోలోపల తినేస్తోంది.

పాస్‌వర్డు కొట్టిందో లేదో, ఇంటి ముందున్న కొట్టు దగ్గర ఎవరో పిలిచారు. "ఇప్పుడే వస్తా" అని లేచి వెళ్లింది. అక్కడే కొంప మునిగింది.

ఆమె భర్త లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దిన మనిషికి ఖాళీ గడి కనబడితే ప్రాణం ఊరుకోదు. "నిద్ర పడుతోందా?" అన్న చోట, ఆరు వారాలుగా తాను చేస్తున్న జాగారం గుర్తొచ్చి "అస్సలు లేదు" అని పెట్టారు. భయానికి పదికి పది వేశారు. చివర్న "మీ సందేహం మీ మాటల్లో రాయండి" అన్నది మాత్రం వదిలేశారు. వ్యాసరూప ప్రశ్నలంటే ఆయనకు చిన్నప్పటినుంచీ పడదు.

అత్తగారు వచ్చి కళ్లజోడు సర్దుకున్నారు. "ఆకలి బాగుందని పెట్టావేంట్రా? నాకు ముద్ద దిగితేగా!" అని దాన్ని దిద్దించి, పనిలో పనిగా వయసు దగ్గర కూడా తన వయసే వేయించారు. ఆఖర్న ఆడపడుచు, వదిన తరఫున ఎవరో ఒకరు హుషారుగా ఉండాలి కదా అని, వ్యాయామం దగ్గర "రోజూ పది కిలోమీటర్ల పరుగు" అని చేర్చి, పంపించేసింది.

అలా ఆస్పత్రి కంప్యూటర్లో ఒక డెబ్బై మూడేళ్ల పేషెంటు తిండీ నిద్రా మానేసి, భయంతో రోజుకు పది కిలోమీటర్లు పరిగెత్తడం మొదలుపెట్టింది. నర్సు హడలిపోయి ఫోన్ చేసింది. "వెంటనే తీసుకురండి!" మాస్టారు కొట్టులో ఉన్న భార్యను, మెడలో కొలతల టేపుతో సహా, కారెక్కించారు. తల్లీ చెల్లెలూ వెనక సీట్లో ఇరుక్కున్నారు.

నర్సు స్క్రీన్ వంక ఒకసారి, నవనవలాడుతున్న టైలరమ్మ వంక ఒకసారి చూసింది.

"నిద్ర పట్టనిది ఎవరికండీ?"

మాస్టారు మెల్లగా చెయ్యెత్తారు.

"మరి తిండి మానేసింది?"

"నేనేనమ్మా" అన్నారు అత్తగారు. పరుగు సంగతి అడగకముందే ఆడపడుచు తలుపు వైపు జరిగింది.

టైలరమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తన జబ్బును ఇంతమంది పంచుకున్నారని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నేను శుభ్రంగా తింటున్నానమ్మా, పడుకుంటున్నాను. వీళ్లు ఖాళీగా వదిలేశారే, ఆ ప్రశ్న ఒక్కటే నాది. ఈ చెయ్యి మళ్లీ పైకి లేస్తుందా?"

"ఇన్నాళ్లూ అడగలేదేం?"

"లేవదంటారేమోనని."

నర్సు పక్కగదిలోంచి వ్యాయామం నేర్పే ఆవిడను పిలిచింది. ఆవిడ భుజం పరీక్షించి, టైలరమ్మను గోడకు ఎదురుగా నిలబెట్టింది. "వేళ్లతో గోడ మీద నడవండి. తొందరేం లేదు. నొప్పెడితే ఆగండి."

వేళ్లు భుజం దాటాయి. చెవి దాటాయి. "ఇంకొంచెం... ఇంకొంచెం..." అంటూ మాస్టారు తన చెయ్యీ పైకెత్తేశారు. వేళ్లు నడినెత్తి దాటి పైకి పోయాయి!

"రోజూ చేయండి. నెల తిరిగేసరికి కత్తెర పట్టొచ్చు."

"పట్టేస్తా!" అని టైలరమ్మ వేసిన కేక వరండా అంతా వినిపించింది. అత్తగారు చప్పట్లు కొట్టారు. మాస్టారు అందరిముందూ, ఏ మొహమాటం లేకుండా, ఏడ్చేశారు.

నర్సు పాత ఫారం చెరిపేసి, ఈసారి టైలరమ్మ చేతే కొత్తది నింపించి, మిగతా ముగ్గురి చేతా ఎవరి ఫారం వాళ్ల చేత విడిగా నింపించింది. సైటు ఆమెకిచ్చిన సలహాలు అరపేజీ, ఇంట్లోవాళ్లకిచ్చినవి పదకొండు పేజీలు.