ఒక్క స్టార్ ఎవరిచ్చారు?

ఆ ఉదయం మొయినుద్దీన్ అనుకున్న పని ఒక్కటే: బావమరిది కైసర్‌ని వెంటబెట్టుకుని బిర్యానీ వండే డేగులు తెచ్చుకోవడం. రేపే కూతురు ఆయేషా నికా. మొయినుద్దీన్ నెల్లికుదురులో టైలర్. కైసర్‌ది అదే ఊళ్లో హోటల్, దావత్ వంట అతనిదే. కానీ తాను బయలుదేరేలోపే కైసర్ ఊడిపడ్డాడు. వెబ్‌సైట్లు చేసే జగన్‌ని రెక్క పట్టుకుని మరీ లాక్కొచ్చాడు.

"బావా! నా హోటల్ వెబ్‌సైట్ల ఎవడో పేరు లేకుంట ఒక్క స్టార్ ఇచ్చి పోయిండు. ఆరా తీస్తె ఇంటర్నెట్ అడ్రస్ మీ ఇంటిదే తేలింది!"

"అన్నా, గది ఇంటి కనెక్షన్ అడ్రస్. మనిషిది కాదు," జగన్ గొణిగాడు.

"ఇంట్ల మనుషులు గాక బర్లుంటయా? రేపు వంట నేను చెయ్య. ఇంకోన్ని చూస్కోండ్రి!"

ఊరంతా పిలుపులైపోయాయి. భార్య షహనాజ్ బేగం మొయినుద్దీన్ వైపే గుర్రుగా చూసింది.

"పోయిన పండుగకు మా తమ్ముని బిర్యానీల ఉప్పెక్కువన్నది నువ్వే కదా?"

"నోటితోటి అన్న. ఫోన్ల అన్ననా?"

"నా నికా నేనే చెడగొట్టుకుంటనా మామూ?" అని ఆయేషా ముందే తప్పుకుంది.

జగన్‌కి మాత్రం అసలు సంగతేమిటో తెలుసుకోవాలని మహా కుతూహలం. "భాయ్, మీ వైఫై పాస్‌వర్డ్ ఇంకెవరికన్న చెప్పిండ్రా?"

"బట్టలియ్య వచ్చినోళ్లకు చాయ్ ఇస్తం, నీళ్లిస్తం. అడిగితె గది చెప్పకపోతె మర్యాదేనా?"

ఆ మర్యాద ఎంత దూరం పాకిందో అప్పుడు తెలిసింది. గల్లీకి గల్లీయే వచ్చి వాకిట్లో నిలబడింది. పక్కింటి చందూలాల్ ప్రమాణానికి చెయ్యి కూడా చాపాడు. "నేను పాటలే వింట భాయ్. అయినా గా బిర్యానీకి ఒక్క స్టార్ అంటె..." అని ఆగాడు. కైసర్ అతని మీదికి లేచాడు. సగం గల్లీ కైసర్‌ని పట్టుకుంది, మిగతా సగం చందూలాల్‌కి వంత పాడింది. ఇల్లయితే దొరికింది గానీ, లోపల ఏ వేలు నొక్కిందో ఆ అడ్రస్ చెప్పదే!

జగన్ అరిచాడు: "ఆగుండ్రి! గా స్టార్ కింద జవాబు రాస్త. పేరు లేకున్నా ఇచ్చినోళ్ల ఫోన్ మోగుతది."

గుడ్డలు కత్తిరించే బల్ల మీద అందరూ ఫోన్లు పెట్టారు. జగన్ జవాబు పంపాడు. బల్ల మీద ఒక్కటీ మోగలేదు. కైసర్ జేబు మోగింది.

జగన్ నెమ్మదిగా అడిగాడు. "అన్నా, నిన్న అక్క ఇంట్ల చాయ్ తాగుకుంట బస్టాండ్ కాడి నీ పోటీ హోటల్‌కు ఒక్క స్టార్ ఇయ్యబోయి నీ దానికే ఇచ్చుకున్నవా? రెండు వెబ్‌సైట్లకు నేనే ఒక్క తీరు రంగులేసిన."

కైసర్ గొంతు సవరించుకున్నాడు. "ఫోన్ నాదే. అయితేంది? నొక్కింది నేనే అని రుజువేంది?"

షహనాజ్ బేగం వంటింట్లోంచి పెద్ద గరిటె తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఎవరు నొక్కిన్రో అల్లాకే ఎరుక. వండేది మాత్రం నువ్వే."

కైసర్ ఇక రుజువులు అడగలేదు. కట్టెలు వచ్చాయా అని అడిగాడు.