ఇంటిపేరు కోడి

కోడిపిల్లలకు మాటలొచ్చిన ఏడాది కుక్కుట సంక్షేమ శాఖ ప్రతి బ్రూడర్‌కూ ఒక వినోద సహాయకుణ్ణి నియమించింది. పార్వతీపురం దారిలో ఉన్న షెడ్డుకు కోడి తవిటయ్యను వేశారు. ఇంటిపేరు కోడి, సొంతపేరులో తవుడు. ఇన్ని అర్హతలు ఒక్క మనిషిలో కుదరడం తామెన్నడూ చూడలేదని ఇంటర్వ్యూ చేసిన అధికారులు ముచ్చటపడ్డారు.

ఆ పేరు వెనక ఓ కథ ఉంది. ముందు పుట్టినవాళ్లు దక్కకపోయేసరికి, వాళ్లమ్మ ఇతన్ని పొరుగామెకు చేటెడు తవుడుకు అమ్మినట్టు చేసింది. అంత చవకైన సరుకు మీద చావు కన్ను పడదని ఆవిడ ధీమా. నిజంగానే పడలేదు. ఆ మాటకొస్తే పర్మనెంటు చేసే అధికారి కన్నూ పడలేదు. ఊరూరా తిరిగి సర్కారు పథకాల మీద పాటలు పాడినంత కాలమూ తవిటయ్య కాంట్రాక్టు మనిషే. బ్రూడర్‌కు వచ్చాకా కాంట్రాక్టే.

బ్రూడర్ అంటే పెద్ద విషయమేమీ కాదు. గుండ్రంగా నిలబెట్టిన రేకు, లోపల ఊక, పైన ఆరని బల్బులు, మేత పళ్లేలు, నీళ్ల డబ్బాలు. మాటలు రాకముందు పిల్లలు ఇందులోనే కిక్కురుమనకుండా పెరిగేవి. మాటలొచ్చాక విసుగు పుడుతోందని చెప్పడం మొదలుపెట్టాయి. విసుగెత్తిన పిల్ల మేత ముట్టదు, పక్కదాని తోక పీకుతుంది. కాబట్టి వినోదం తప్పనిసరి అని ఉత్తర్వు వచ్చింది.

తవిటయ్య పనిమంతుడు. తోటకూర కట్టలు వేలాడదీసి పిల్లల చేత ఎగిరెగిరి పొడిపించాడు. ఓ మూల అద్దం పెట్టాడు, ఇంకో మూల ఇసుక పోశాడు. వేటికీ రాని గిరాకీ అతని పాటకు వచ్చింది.

ఇంటింటికీ వెలుగొచ్చె
ఇంటిముందే నీరొచ్చె
అడగకుండా మేతొచ్చె
ఇంకేటి గావాలిరా!

పాట పాతదే. ఊళ్లలో పాడినప్పుడు మేత ఉన్నచోట బియ్యం ఉండేది. ఆ ఒక్క మాట తప్ప అతనికి మార్చాల్సిన అవసరం కనిపించలేదు. పిల్లలు కూడా జనంలాగే రెండో చరణానికల్లా పళ్లేల మీద పడేవి.

ఒక్క పిల్ల మాత్రం పాట పూర్తయ్యేదాకా ఆగి ఏదో ఒకటి అడిగేది. తవిటయ్య దాన్ని గుంటా అని పిలిచేవాడు. ఆ వైపు ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాటే అది. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కాబట్టి అది అతన్ని సిన్నాన్నా అనేది. పిల్లల్లేని తవిటయ్యకు ఆ పిలుపు వింటే ప్రాణం లేచొచ్చేది.

ఓ ఉదయం అది అడిగింది. "సిన్నాన్నా, లిఫ్టింగంటే ఏటి? సూపర్‌వైజర్ బాబు ఫోన్లో అంతన్నారు."

తవిటయ్య కాసేపు నీళ్ల డబ్బా సరిచేశాడు. "పైకి తీసుకెల్తారే."

"ఎవుల్ని?"

"బాగా తిన్నోల్ని."

"ఎల్లినోల్లు ఒక్కులైనా తిరిగొచ్చినారా?"

"పైకెల్లినోల్లు కిందోల్ల కాడికి ఎందుకొత్తారే?" అన్నాడు. ఈ జవాబు ఊళ్లలో బాగా పనిచేసేది.

గుంట దగ్గర పనిచేయలేదు. ఆ పూట నుంచి అది మేత మానేసి, తోటకూర రెబ్బలతో సరిపెట్టుకుంది. తవిటయ్యకు నిజంగా భయం వేసింది. పళ్లెంలో మేత మిగిలితే అతను పర్మనెంటు కాడు. గుంట తింటే దాన్ని తీసుకుపోతారు. రెంటికీ మధ్య నలిగి నలిగి, చివరికి దాని వాటా తనే తినడం మొదలుపెట్టాడు. మొదట్లో గొంతు పట్టేసింది. పాట పాడుకుంటే దిగిపోయేది.

పిల్లలకు రెక్కలొచ్చాక రేకు తీసేశారు. ఒక్కటీ రేకున్న గీత దాటి పోలేదు. దాటవచ్చని తవిటయ్యకూ తోచలేదు. వెచ్చగా ఉందని బల్బుల కిందే మకాం పెట్టాడు. వారానికోసారి చూడవచ్చే భార్య ఎర్రమ్మ, "ఒల్లు సేసినావయ్యా. పర్మనెంటు సేత్తారా మరి?" అనేది.

"మేత ఒక్క గింజ మిగల్లేదు. సెయ్యక సస్తారా?" అనేవాడు.

లిఫ్టింగ్ రోజు లారీ వచ్చింది. సూపర్‌వైజర్ ఫణీంద్ర గారు కాటా పక్కన నిలబడి ఉత్తర్వు చదివారు. కోడి, కోడి, కోడి అని చదువుతూ పోయి, "కోడి తవిటయ్య" అన్నారు.

"సార్, అది నా ఇంటిపేరండి."

"ఇక్కడ అందరి ఇంటిపేరూ అదే కదండీ తవిటయ్య గారూ."

తవిటయ్య చెప్పులు విడిచి కాటా ఎక్కాడు. ఫణీంద్ర గారు ముల్లు చూసి శభాష్ అన్నారు. చేటెడు తవుడు విలువ చేసినవాడు ఇంత తూగినందుకు తవిటయ్య ఛాతీ కాస్త పొంగింది కూడా. తర్వాత గుంటను పెట్టారు. ముల్లు కదల్లేదు. "ఇది పనికిరాదు, వదిలేయండి" అన్నారు. ఆ మాటకు తవిటయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత మంచి మాట ఆ నోటి నుంచి అతనెప్పుడూ వినలేదు.

"పర్మనెంటేనా సార్?" అని మాత్రం అడిగాడు.

"ఇంతకంటే పర్మనెంటు ఏముంటుందండీ?"

కోళ్లను పెట్టే క్రేటు సరిపోలేదు. అతని కోసం రెండు క్రేట్లు కలిపి కట్టించారు. మామూలుగా శాఖ ఇంత శ్రద్ధ తీసుకోదు. ఎర్రమ్మకు ఫోన్ చేసి "అయిపోనాదే, పర్మనెంటు" అన్నాడు. ఆవిడ ఏడ్చేసి, వీధంతా మిఠాయి పంచుతానంది.

గుంట లారీ దాకా పరుగెత్తుకొచ్చింది. "సిన్నాన్నా, దిగిపో! తలుపింకా ఏసేనేదు!"

తవిటయ్య తలుపు వైపు చూశాడు. నిజమే, వేయలేదు.

"దిగితే మల్లీ కాంట్రాక్టే కదే" అన్నాడు.

ఇంతలో కొత్త బ్యాచ్ దిగింది. పసుపుపచ్చని పిల్లలు గీపెట్టి ఏడుస్తున్నాయి. ఫణీంద్ర గారు గుంట వైపు తిరిగి, ఇంటిపేరు అడిగారు. అది చెప్పింది. పాటలు వచ్చా అని అడిగారు. అది లారీ వైపు ఓసారి చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఏడుపు ఆగింది. పళ్లేల దగ్గర ముక్కుల టకటక వినిపించింది.

రెండో చరణంలో తాళం తప్పింది. తవిటయ్య క్రేటు సందులోంచి చెయ్యి బయటపెట్టి, లారీ రేకు మీద వేళ్లతో కొట్టి సరిచేశాడు. గుంట అందుకుంది.