నూకరాజు టిఫిన్ సెంటరు అధికారిక కథ

మునిసిపాలిటీలో కొట్టు కథ రిజిస్టరైన నాలుగో రోజున నూకరాజు తండ్రి పాదాలు కనిపించడం మానేశాయి. ఆ ఊళ్లో ఇది కొత్తేమీ కాదు. కథ లేని కొట్టుకి లైసెన్సు ఇవ్వరు. రిజిస్టరైన కథకి తగ్గట్టు మిగతావన్నీ సర్దుకోవాలి. "నూటపాతికేళ్ల నాటిది" అని రాయించుకున్న కొత్త మిఠాయి కొట్టుకి తెల్లారేసరికి చెదలు పట్టాయి. యజమాని ఆనందం పట్టలేక ఊరంతా లడ్డూలు పంచాడు.

నూకరాజు మొదట ఉన్నదున్నట్టే రాశాడు. నాన్న సూరన్న పెసరట్లు వేసేవాడు, ఇప్పుడు నేను వేస్తున్నాను, అంతే. ఆఫీసు అరుగు మీద అర్జీలు రాసే పానకాలు అది చదివి ఆవులించాడు.

"ఇందులో ఏడుపేదండీ? జనం ఎలా దగ్గరవుతారు? అనాథనని రాయండి. వానలో తోపుడుబండి తోసుకొచ్చానని రాయండి."

"మా నాన్న ఉన్నాడు కదండీ! లోపల అల్లం పచ్చడి రుబ్బుతున్నాడు."

"ఉంటే ఉండనివ్వండి. కథలో ఉండడు, అంతే కదా."

కథ అలాగే రిజిస్టరైంది. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నాలుగు మొదలు ఆరు దాకా కొట్టు లోపల మాత్రమే వాన. జనం గొడుగులు వేసుకుని, అట్టు నములుతూ వలవలా ఏడ్చారు. కొట్టు ముందు జనం వరస రైలు గేటు దాటింది. నూకరాజు తన అనాథ కథని రోజుకి నలభైసార్లు, ఒక్క ముక్క తేడా రాకుండా చెప్పాడు. చెప్పిన కొద్దీ తండ్రి తరిగిపోయాడు. బుధవారానికి మోకాళ్లు, శుక్రవారానికి నడుము.

నూకరాజు సవరణ కోసం ఆఫీసుకి పరుగెత్తాడు. గుమాస్తా ఓపిగ్గానే చెప్పింది. సవరణకి వీలుంది, కాకపోతే ఏడ్చిన ప్రతి కస్టమరూ తన ఏడుపు వెనక్కి తీసుకుంటున్నట్టు మూడు ప్రతుల మీద సంతకం పెట్టాలి.

"ఊరుకోరా," అన్నాడు సూరన్న, మిగిలిన సగంతో రుబ్బుతూ. "ఇంత గిరాకీ నా జన్మలో చూశానేంట్రా!"

తనిఖీ అధికారిణి వచ్చేసరికి రోటి దగ్గర రెండు చేతులు, ఒక గొంతు మిగిలాయి.

"ఆ చేతులు ఎవరివి?" అందావిడ, రిజిస్టరు తెరిచి.

నిజం చెబితే కొట్టుకి సీలు. ఎవరివీ కావంటే ఆ చేతులు కూడా పోతాయి. నూకరాజు పెనం మీది అట్టుని రెండోసారి తిరగేశాడు.

"పనోణ్ణండి," అంది రోటి దగ్గరి గొంతు. "ఈ బాబుకి నా అన్నవాళ్లు లేరండి, పాపం."

పనివాడు ఉండకూడదని కథలో ఎక్కడా లేదు. ఆ మాటతోనే సూరన్నకి తల, ఛాతీ, నడుము, మోకాళ్లు, పాదాలు వరసగా వచ్చేశాయి. అధికారిణి కళ్లు తుడుచుకుని "కథ నిలకడగా ఉంది" అని రాసుకుంది. ఇంకాస్త పచ్చడి అడిగింది.

నూకరాజుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "నాన్నా" అనబోయాడు. గొడుగుల కింద నుంచి అందరూ అతన్నే చూస్తున్నారు.

"ఇదిగో, పచ్చడి తే," అన్నాడు.

"తెస్తున్నానండి బాబూ."

తండ్రి అతన్ని అండీ అనడం అదే మొదటిసారి. కస్టమర్లకి అది చాలా నచ్చింది.