రామలింగం గారి తొలి సవారీ

ఆ డిసెంబరు ఆదివారం పొద్దున్నే ప్రేమ్‌రాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఛత్రినాకలో రామలింగం గారిని సైకిల్ ఎక్కించుకోవాలి, ఉప్పుగూడ స్టేషన్ దాకా తీసుకెళ్లి ఒక రైలు చూపించాలి, చాయ్ వేళకు ఇంట్లో దింపి తను చర్చికి వెళ్లాలి. ఇంతకన్నా సులువైన పని ఇంకోటి ఉండదని పాపం మనస్ఫూర్తిగా నమ్మాడు.

ప్రేమ్‌రాజ్ ఉప్పుగూడ స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. ఎక్కవలసిన రైలేదీ లేకపోయినా నాలుగు ముఖాలు కనిపిస్తాయని వచ్చి బెంచీల మీద కూర్చునే ముసలివాళ్లను చూసీ చూసీ అతని మనసు కరిగింది. అందుకే పెద్దవాళ్లను సైకిల్ మీద ఊరు తిప్పి తెచ్చే ఒక సేవా సంఘంలో చేరి, ఛత్రినాక వాలంటీర్లకు పెద్దదిక్కయ్యాడు. సంఘం ఇచ్చిన బండి చూడముచ్చటగా ఉంటుంది. మూడు చక్రాలు, ముందు మెత్తటి సీటు, సీటు మీద టాపు, వెనక తొక్కేవాడు. చిన్న బ్యాటరీ మోటారు కూడా ఉంది కాబట్టి చప్పుడన్నది లేదు. బండికి తక్కువైంది ఎక్కేవాళ్లే. "పడేస్తవేమో బిడ్డా" అని ఒకరు, "సూసినోళ్లు నవ్వరా" అని ఒకరు తప్పించుకున్నారు. ఈ ఆదివారం కూడా ఎవరూ ఎక్కకపోతే బండిని మలక్‌పేటకు పంపేస్తామని సంఘం కమిటీ తేల్చి చెప్పింది. చివరికి కిరాణా కొట్టు రామలింగం గారు సరేనన్నారు. ఆయన సవారీ సాఫీగా సాగితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. సాగకపోతే బండి మీద ఆశ వదులుకోవడమే.

ఆ రోజు వీధి చివర కనిపించనంత మంచు కురుస్తోంది. రామలింగం గారు చెవుల్లో దూది పెట్టుకుని, మఫ్లరు నెత్తి మీదుగా గడ్డం కిందికి తెచ్చి బిగించి ముడివేసుకున్నారు. నుదుట రోజూ పెట్టుకునే విభూతి ఉండనే ఉంది. తొలి సవారీ కదా అని వాలంటీరు ఎల్లప్ప ఆయనకు శాలువా కప్పి, బంతిపూల దండ వేశాడు. మనలో సన్మానమంటే ఆ రెండూ ఉండి తీరాలి. మిగిలిన దండలు టాపుకు చుట్టాడు. కొత్త బండి కాబట్టి కొబ్బరికాయ కొట్టి, అగరుబత్తులు గుచ్చి, సాంబ్రాణి వేశాడు. సీటు బెల్టు క్లిప్పు పట్టకపోతే ప్రేమ్‌రాజ్ తన తెల్ల తువ్వాలు తీసి పెద్దాయన నడుమును సీటుకు గట్టిగా కట్టాడు.

"అన్నా, మామయ్య పైలం" అంది గుమ్మంలో నిలబడిన కోడలు స్రవ్య.

"ఫికర్ చెయ్యకమ్మా. ఎట్ల తీస్కపోతున్ననో గట్లనే తెచ్చి అప్పజెప్త" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఎల్లప్ప సాంబ్రాణి ధూపం పట్టుకుని ముందు నడిచాడు. ప్రేమ్‌రాజ్ వెనక తొక్కాడు. అతనికి టాపు అడ్డం, ఎల్లప్పది బండి వైపు వీపు. కనుక ఆ సీటులోని మనిషిని ముందు నుంచి చూసే భాగ్యం వాళ్లిద్దరికీ దక్కలేదు.

మొదటి మలుపు దాటగానే ప్రేమ్‌రాజుకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. కాసేపటికి తట్టింది: ఎవరూ హారన్ కొట్టడం లేదు. మంచులోంచి ఒక ఆటో ఎదురొచ్చింది. డ్రైవరు బండిని చూసి, ఇంజను ఆపి, గోడకు ఒదిగి నిలబడ్డాడు. ఛత్రినాకలో ఆటో దారివ్వడం ప్రేమ్‌రాజ్ జన్మలో చూడలేదు.

పాలు పోస్తున్న ఆమె గిన్నె కింద పెట్టి చేతులు జోడించింది. ఇడ్లీ బండివాడు స్టవ్వు తగ్గించి చూపు దించుకున్నాడు. వాళ్లు వెళ్తూంటే దుకాణాల షట్టర్లు ఒకటి తర్వాత ఒకటి సగానికి దిగుతున్నాయి. ఎవరూ మాట్లాడరు. కుక్కలు కూడా మొరగలేదు. పెద్దల్ని గౌరవించాలని తను వాట్సాప్‌లో పంపిన సందేశాలు ఇంత బాగా పనిచేశాయా అని ఒక్క క్షణం అతనికి గర్వం కూడా కలిగింది. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు.

మంచులో మనుషులు నడిచి వస్తున్నారు. వీధి నిండా ఉన్నారు. కాళ్లకు చెప్పుల్లేవు. అతను బ్రేకు వేస్తే వాళ్లూ ఆగారు. తొక్కితే కదిలారు.

"ఏందన్నా, అందరు ఎటు పోతున్నరు?" అని అడిగాడు.

"నువ్వు నడువు బిడ్డా. నడిమిట్ల ఆపద్దు" అంది ముందున్న ముసలామె, మెల్లగా.

అంతలో ఎవరో గుప్పెడు పేలాలు చల్లారు. అవి టాపు మీద చిటపట రాలాయి. ఎల్లప్ప వెనక్కి తిరిగి మొదటిసారి సీటువైపు చూశాడు. చూసి తెల్లబోయి, బండి పక్కకు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, గీళ్లు బాపుది సావు అనుకుంటున్నరే!"

రామలింగం గారిది లింగాయతుల ఇల్లు. ఆ ఇళ్లలో పోయినవారిని పడుకోబెట్టి మోయరు. విభూతి పెట్టి, దండలు వేసి, కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా గుడ్డతో కట్టి ఊరేగింపుగా తీసుకెళ్లి మట్టి చేస్తారు. ఛత్రినాకలో ఇది తెలియనివాళ్లు లేరు. ప్రేమ్‌రాజుకూ తెలుసు. తెలిసి కూడా పొద్దున అన్నీ తన కళ్ల ముందే అమరనిచ్చి, ఆఖరి కట్టు తన చేతులతోనే కట్టాడు.

అతనికి నవ్వొచ్చింది. "గింతేనా! బాపూ, జర చెయ్యి ఊపుండ్రి. అందరు పరేషాన్ అవుతున్నరు."

బాపు చెయ్యి ఊపలేదు.

"బాపూ!"

ప్రేమ్‌రాజ్ టాపు పక్క నుంచి చెయ్యి చాపి పెద్దాయన చేతిని తాకాడు. మంచుగడ్డలా ఉంది. వదిలేస్తే జారి ఒళ్లో పడింది. జనం అనుకున్నదే నిజమైతే? తనకన్నా ముందు ఊరికి తెలిసిందా? ఎప్పుడు జరిగింది? ఏ మలుపులో?

అప్పుడే జేబులో ఫోను మోగింది. స్రవ్య.

"అన్నా, చాయ్ పెట్టాల్నా? మామయ్య దాంట్ల చక్కెర ఎయ్యకుంటనే పెడ్తున్న, షుగరుంది కదా."

"పెట్టమ్మా..." అన్నాడు ప్రేమ్‌రాజ్. కళ్లు చెమర్చాయి. "చక్కెర... ఎయ్యమ్మా. ఇయ్యాల్టికి ఎయ్యి."

ఫోను పెట్టేసి హ్యాండిలు ఇంటివైపు తిప్పబోయాడు. గుంపంతా ఒక్కసారిగా గగ్గోలెత్తింది. "ఎనక్కి తిప్పద్దు! ఇంట్లకెల్లి ఎల్లిన సావు ఎనక్కి మర్రద్దు!" నాలుగు చేతులు బండిని పట్టి మళ్లీ ముందుకు తిప్పాయి. స్టేషన్ మలుపు వచ్చింది, దాటిపోయింది. ఎవరు కబురు పెట్టారో డప్పులవాళ్లు కూడా వచ్చి కలిశారు. బండి శ్మశానం దారి పట్టింది. మోటారు మాత్రం ఎప్పటిలాగే చప్పుడు చేయకుండా లాగుతోంది.

ప్రేమ్‌రాజ్ తొక్కుతున్నాడు. ప్రభువును తలుచుకుంటున్నాడు. ఇక ఛత్రినాకలో ఏ ముసలి ప్రాణమూ ఈ సీటు ముఖం చూడదు. అంతకన్నా ముందు, అప్పజెప్తానన్న మనిషిని ఆ పిల్లకు ఎలా అప్పజెప్పడం?

అప్పుడు టాపు లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, లోతుగా.

"ఆపకు. తొక్కు."

ఎల్లప్ప చేతిలో ధూపం జారిపోయింది. ప్రేమ్‌రాజ్ కాళ్లు పెడళ్ల మీదే బిగుసుకున్నాయి. డప్పుల హోరులో ఆ మాట ఇంకెవరికీ వినిపించలేదు.

"బాపూ... ఉన్నరా?"

"ఉన్న. ఎచ్చగ కునుకు పట్టింది. డప్పుల సప్పుడుకు తెలివొచ్చింది. చెవుల దూది తీసి ఇంటున్న. అందరు నన్ను మంచోడనే అంటున్నర్రా, ప్రేమ్‌రాజు!"

"నా పానం పోయింది గద బాపూ! లేవుండ్రి, చెయ్యి ఊపుండ్రి!"

"ఊకో. రాజన్న ఇంకా రాలే."

రాజన్న రామలింగం గారి పక్క కొట్టు ఆసామి. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఒక శివరాత్రి జాగారంలో గవ్వలతో పచ్చీసు ఆడుతూ, పడ్డ గవ్వను నువ్వు తిప్పావంటే నువ్వు తిప్పావని మాట పెరిగింది. ఆ రాత్రి ఆగిన మాటలు ఏళ్లు గడిచినా మళ్లీ మొదలవలేదు. ఇద్దరి కొట్లకూ మధ్య ఒక్క గోడే. "ఆడు వస్తడో రాడో సూడాలె. తొక్కు బిడ్డా" అన్నారు రామలింగం గారు. ఈసారి గొంతు సన్నగా వణికింది. ప్రేమ్‌రాజుకు ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి ముంచుకొచ్చాయి. తొక్కాడు.

శ్మశానం గేటు దగ్గర, మంచులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. లుంగీ మీదే, ఎవరికన్నా ముందే అడ్డదారిన పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. రాజన్న. బండి ఆగగానే వచ్చి సీటు ముందు కూలబడ్డాడు.

"అరేయ్ రామలింగా! ఒక్క మాటన్న మాట్లాడకుంటనే పోతివారా! నేనే రావాలె అనుకున్నరా. ఇయ్యాల, రేపు అనుకుంట ఉన్న." గుండెలు బాదుకున్నాడు. డప్పులు ఆగాయి. సీటులో, మూసిన కళ్ల కింద నుంచి నీటి చుక్క ఒకటి జారింది. పొగమంచు అనుకున్నారు జనం.

"పో, మంచిగ పో" అన్నాడు రాజన్న ఏడుస్తూనే. "ఆనాడు గవ్వ తిప్పింది నువ్వే గానీ, నేను నిన్ను మాఫ్ చేసిన!"

"గవ్వ తిప్పింది నువ్వురా!"

"నువ్వే తిప్పినవ్! నా కండ్లతోని సూసిన!" అన్నాడు రాజన్న ఠక్కున.

"నీ కండ్లకు అప్పుడే శుక్లాలుండె!"

వాళ్లు మరో రెండు మాటలు అనుకున్నాక, తను ఎవరితో తగాదా పడుతున్నాడో రాజన్నకు వెలిగింది. అప్పటికి గేటు ముందు అతనూ, ప్రేమ్‌రాజూ, ఎల్లప్పా తప్ప ఎవరూ మిగల్లేదు. డప్పులు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. రాజన్న పారిపోలేదు. స్నేహితుడి మోకాళ్లు చుట్టేసుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. కబురంది ఆటోలో శోకాలు పెడుతూ వచ్చిన స్రవ్యను చూసి రామలింగం గారు అడిగిన మొదటి మాట, "చాయ్ల చక్కెర ఏసినవా?"

తిరుగు సవారీలో ముందు సీటులో ఇద్దరూ కూర్చున్నారు. దారి పొడవునా గవ్వ గొడవ నడిచింది. ప్రేమ్‌రాజుకు మాత్రం లోపల దిగులే. పక్కవాళ్లు తీసిన వీడియోలు కమిటీకి చేరే ఉంటాయి. బండి మలక్‌పేటకు వెళ్లిపోవడం ఖాయం. మర్నాడు డ్యూటీకి ముందు దాన్ని ఆఖరిసారి తుడుద్దామని వెళ్లాడు.

బండి చుట్టూ ముసలివాళ్లు మూగి ఉన్నారు. ఛత్రినాకలో నడవగలిగినవాళ్లు నడిచి, నడవలేనివాళ్లు మనుమలను పట్టుకుని వచ్చారు. అందరికన్నా ముందు కృష్ణమ్మ సీటులో ఎక్కి కూర్చుని ఉంది. పడేస్తావేమో అని నెల రోజులు తప్పించుకున్నది ఈవిడే.

"మా చిన్న కోడలి గల్లీలకెల్లి తీస్కపో బిడ్డా" అంది కళ్లు మూసుకుంటూ. "జర మెల్లగ పోనియ్. ఏమంటదో ఇనాలె."

బండి మలక్‌పేటకు వెళ్లలేదు సరికదా, ఛత్రినాకకు ఇంకో బండి వచ్చింది. దానితోపాటే కమిటీ ఒక కొత్త నిబంధన కూడా పంపింది: సవారీ చేసే పెద్దలు దారి పొడవునా కనీసం ఒక కన్ను తెరిచి ఉంచవలెను.