గిన్నెలో ఎన్ని చేతులు

శనివారం పొద్దున్నే అడోమాకో టీచర్ తన భార్య అసాబియాతో కలిసి అడెంటాలో ట్రోట్రో వ్యాను ఎక్కి, భోజనం గిన్నెను ఒళ్ళో పెట్టుకున్నారు. ఉడికించిన పెండలం, అరటికాయ, ఎర్రనూనెలో మగ్గిన చేమాకు కూర, అందులో పొగబెట్టిన చేప. అబురి కొండమీద నీడ చూసుకుని ఇద్దరే తీరిగ్గా తినాలని ఆయన ఆలోచన.

అసలు ఆలోచన వేరే ఉంది. నలభై ఏళ్ళ క్రితం, పెళ్ళికి ముందు, ఇద్దరూ ఇదే కొండకు చెక్కబల్లల లారీలో వచ్చినప్పుడు, ఆమె వెంట తల్లి, ఇద్దరు పిన్నులు, ముగ్గురు అన్నలు ఉన్నారు. అసాబియా నవ్వితే లారీ చివరిదాకా వినిపించేది. మాలో పెళ్ళి మాట పెద్దలే అడుగుతారు. ఈయన మామయ్య ఆమె మామయ్యను అడిగాడు. ఆమెను తను అడగనేలేదన్న వెలితి ఆరుగురు పిల్లలు పుట్టినా తీరలేదు. ఇవాళ అడిగెయ్యాలి, ఎవరూ వినకుండా.

కొండమీద ఒక బండ చూసుకుని గిన్నె విప్పారు. టీచర్ ఇంకా ముద్ద కలుపుతుండగానే కల్లుగీసే ముసలాయన అటుగా వచ్చాడు. భోజనం దగ్గర కూర్చున్నప్పుడు ఎవరు కనబడినా పిలవాలి. వాళ్ళు "నా చెయ్యి గిన్నెలోనే ఉందనుకోండి" అని సాగిపోవాలి. మా మర్యాద అది.

"రండి, తిందాం," అన్నారు టీచర్.

"నా చెయ్యి గిన్నెలోనే ఉంది," అంటూ ముసలాయన నిజంగానే చేతులు కడుక్కున్నాడు. "పొద్దున్నుంచి ఏం తినలా."

కూర్చున్నాక ఆయనా తింటున్నవాడే కదా. అందుకని తర్వాత వచ్చిన గడ్డం మనిషిని ఆయనే పిలిచాడు. ఆ మనిషి టీచర్‌ని చూసి ఆగిపోయాడు.

"నేను అగ్యెమాన్‌ని టీచర్, మీ నాలుగో తరగతి. పెద్దలు పిలిస్తే కాదనకూడదని బెత్తం పెట్టి నేర్పారు. ఎలా కాదంటాను?"

"మీ చదువు బాగానే వంటబట్టింది," అంది అసాబియా భర్తతో.

అగ్యెమాన్ ఒంటరిగా రాలేదు. వాళ్ళ చర్చి పాటల బృందం వెనకే కొండెక్కుతోంది. మర్యాద తెలిసినవాడు కాబట్టి తనూ పిలిచాడు. పద్దెనిమిది మంది తెల్లబట్టల్లో వచ్చి, నలుగురు గిన్నె చుట్టూ కూర్చుని తింటుండటం చూసి, ఎవరింటి వేడుకో అనుకున్నారు. వేడుకలో తినకపోతే తప్పు. తలా ఒక ముక్క తీసుకున్నారు. టీచర్ వడ్డనలోనే ఉండిపోయారు. చివరికి గిన్నెలో చేప ముల్లు మిగిలింది.

"ఇంతకీ ఏం వేడుక పెద్దయ్యా?" అని అడిగింది బృందం నాయకురాలు. "చెబితే దానికి తగ్గ పాట పాడతాం."

టీచర్ ఖాళీ గిన్నెను మళ్ళీ మూటకట్టసాగారు.

"పొద్దున్నుంచి మీ నోట్లో ఏదో నానుతోంది," అంది అసాబియా. "అదేదో చెప్పెయ్యండి."

ఆయన లేచి నిలబడ్డారు.

"అసాబియా, అప్పుడు మావాళ్ళు మీవాళ్ళను అడిగారు. నేను నిన్ను అడగలేదు. నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా?"

ముసలాయన నమలడం ఆపేశాడు.

"పెళ్ళికూతుర్ని మూడుసార్లు అడగాలి టీచర్," అంది అసాబియా. "అది పద్ధతి."

ఆయన మళ్ళీ అడిగారు. మూడోసారి పాటల బృందం కూడా గొంతు కలిపింది.

"ఇష్టమే," అందామె కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రోజూ ఇష్టమే. మీరు అడుగుతారేమోనని మా అమ్మనీ పిన్నుల్నీ నీళ్ళకు పంపించాను. మీరేమో మా అన్నలతో ఫుట్‌బాల్ మాట్లాడుతూ కూర్చున్నారు."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, లారీ చివరిదాకా వినిపించే ఆ పాత నవ్వు. టీచర్ సిగ్గుపడిపోయారు. అడిగే వీలివ్వలేదని నలభై ఏళ్ళు ఆయన నిందించింది చుట్టాలను. బృందం పాట ఎత్తుకుంది, ముసలాయన కల్లు పోశాడు.

పెళ్ళివిందు అందరికీ అందింది, ఒక్క పెళ్ళికొడుక్కి తప్ప.